నీడ కొలత

ఖర నామ సంవత్సరం, వైశాఖ బహుళ చవితి, శనివారం, పగలు పన్నెండుంబావుకి ఒక విమానం నీడ ఆ ఇంటి వాకిట్లో పడింది.

విమానం చెక్కది. జానెడు పొడవుంటుంది. వసారాలో వాసానికి దారంతో వేలాడుతోంది. నీడ అలా కాదు. ఒక రెక్క కొస వసారా మెట్టు మీద ఉంటే, రెండో రెక్క కొస అవతల పశువుల పాక గోడ మీద ఉంది. వసారాలో ఎండ పొడ కూడా లేదు. ఎండ లేనిచోట ఉన్న వస్తువుకి ఎండలో నీడ ఎలా పడిందని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. అంతకన్నా ముందు అడగాల్సినవి చాలా ఉండిపోయాయి.

ఆ ఇల్లు బొమ్మల వీధిలో చివరిది. పాలపళ్ళు ఊడకముందే చేతికి ఆకురాయి వచ్చే వీధి అది. ఇంట్లో ఉండేది ముగ్గురు. బొమ్మలు చెక్కే ఆయన, ఆయన భార్య, ఆయన అక్క. ఊరంతా ఆయన్ని బొమ్మలాయన అనేది. అక్కని అందరూ అక్క అనే అనేవారు, ఆమెకన్నా పెద్దవాళ్ళతో సహా.

ఎవరు ఏ నక్షత్రంలో పుట్టారో, ఎవరి తద్దినం ఏ తిథో, పోయినవాళ్ళలో ఎవరికి గారెలిష్టమో, ఎవరికి బూరెలిష్టమో, అన్నీ అక్క నోటి మీదే ఉండేవి. పంచాంగం తప్పినా ఆమె తప్పదనేవారు. ఒక్క తిథి మాత్రం ఆమె ఎవరికీ చెప్పేది కాదు. వైశాఖ బహుళ చవితి నాడు ఏమీ తినకుండా దీపం దగ్గర కూచునేది. ఎందుకంటే సంకష్టహర చవితి కదా అనేది. అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బొమ్మని మగవాళ్ళు చెక్కుతారు, కళ్ళు ఆడవాళ్ళు తెరుస్తారు. ఒళ్ళంతా రంగు వేసి ఆరిన తర్వాత, ఇంటి పెద్దావిడ తలస్నానం చేసి, దీపం పెట్టి, ఉడుత వెంట్రుకల కుంచెతో రెండు నల్లచుక్కలు పెడుతుంది. అంతవరకూ అది కర్ర. ఆ తర్వాత కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలి.

ఇంట్లో ఎవరైనా పోతే పదోరోజున వాళ్ళ పోలికతో బొటనవేలంత బొమ్మ చెక్కుతారు. ఆ బొమ్మకి మాత్రం చుక్కలు పెట్టరు. రెండు వంపు గీతలు గీసి కళ్ళు మూస్తారు. పన్నెండోరోజున ఏట్లో వదులుతారు. కళ్ళు మూసిన బొమ్మ వెళ్ళిపోతుంది, తెరిచిన బొమ్మ వెళ్ళదు అని పెద్దలు చెప్పారు. వెళ్ళకుండా ఏం చేస్తుందో చెప్పలేదు.

*

ఉగాది వెళ్ళిన మర్నాడు బొమ్మలాయన చేతిలో ఉన్న దశావతారాలు పక్కన పెట్టేశాడు. మత్స్యం, కూర్మం అయిపోయి, వరాహం కోరలు లేకుండా ఉండిపోయింది. కొత్త పొణికి కర్ర తీసి అరచేతిలో ఆడించి చూశాడు. పొణికి తెల్లటి కర్ర. బెండులా తేలిక. నీళ్ళలో వేస్తే మునగదు.

"మళ్ళీ ఏం మొదలెట్టారు?" అంది భార్య.

"విమానం."

"పుష్పకమా?"

"కాదే. మామూలు విమానమే. చిన్నప్పుడు నేను చూసింది."

"షష్టిపూర్తయి ఏడేళ్ళయింది. పీటల మీద కూచున్న ఫొటో ఇంకా గోడకే ఉంది. ఇప్పుడు విమానాలాటా?" అని, వంటింటి వైపు తిరిగి గొంతు పెంచింది. "వదినా, విన్నారా? మీ తమ్ముడుగారు ఎగరబోతున్నారు. ఉప్మా ఇక్కడే పెట్టనా, పైకి పంపనా?"

అక్క వంటింట్లో బియ్యం ఏరుతోంది. నవ్వింది. నవ్వు మధ్యలో చేట కింద పెట్టేసింది.

ఆ విమానాన్ని ఆమె కూడా చూసింది.

వెనకటి ఖర నామ సంవత్సరంలో, ఇదే మాసం, ఇదే తిథి, ఇదే వేళ. అరవై ఏళ్ళకి సంవత్సరం పేరు తిరిగొస్తుంది. పేరుతోపాటు ఇంకేమేం తిరిగొస్తాయో పంచాంగంలో రాయరు. అప్పుడు అక్కకి పదకొండేళ్ళు. బొమ్మలాయనకి ఏడు. వాళ్ళ తర్వాత ఇంకొకడు ఉండేవాడు, అయిదేళ్ళవాడు. వాణ్ణి చిన్నోడనేవారు.

ఆ పూట ఒక విమానం వచ్చింది. చిన్నది, పసుపుపచ్చది. తాడిచెట్ల తలలు తగుల్తాయేమో అన్నంత కిందుగా వచ్చింది. పైన కప్పు లేదు. ముందు సీట్లో కళ్ళద్దాలు బిగించుకున్న మనిషి. వెనక సీటు ఖాళీ.

"దాని నీడ తాకితే ఎక్కించుకుంటార్రోయ్!" అని ఏడేళ్ళవాడు అరిచాడు. ఎవరైనా చెప్పారో, అప్పటికప్పుడు కల్పించాడో. అరిచినవాడు నీడ సంగతే మరిచిపోయి, నోరు తెరుచుకుని ఆకాశంలోకి చూస్తూ నిలబడిపోయాడు. విన్నవాడు నీడ వెంట పరుగెత్తాడు. నీడ వాకిలి దాటి, చివరనున్న బావి మీదుగా పోయింది. అప్పట్లో ఆ బావికి నేల పైకి లేచే ఒర లేదు.

వసారాలో రంగు నూరుతున్న అక్క అది చూసింది. చప్పుడు మాత్రం వినబడలేదు. విమానం మోత దాన్ని మింగేసింది.

మోత దూరమయ్యాక ఏడేళ్ళవాడు తల దించి, చుట్టూ చూసి, "చిన్నోడేడే అక్కా?" అన్నాడు. ఆమె చెయ్యెత్తింది. బావి వైపు చూపించాల్సిన వేలు ఆకాశం వైపు లేచింది.

"ఎక్కాడా!" అని వాడు ఎగిరి గంతేశాడు.

వాణ్ణి పొరుగింటికి పంపి, బావిలోంచి తియ్యాల్సింది తీశారు. ఒక పిల్లాడు పోయాడు, నీడ తాకమన్నది నేనే అని రెండోవాడు కుమిలిపోకూడదని నాన్న అన్నాడు. అక్క ఎత్తిన వేలిని ఎవరూ దించలేదు. అబద్ధం ఒక్కరే కంటారు, పెంచడానికి మాత్రం ఇల్లంతా కావాలి.

పదోరోజున నాన్న బొటనవేలంత బొమ్మ చెక్కాడు. కళ్ళు మూయడానికి అమ్మ కుంచె పట్టుకుంది. గీయలేక, కుంచె పెద్దపిల్ల చేతిలో పెట్టి లేచిపోయింది. ఏడేళ్ళవాడు అక్క భుజం మీంచి తొంగిచూశాడు. "చిన్నోడి బొమ్మా! కళ్ళు తెరువక్కా. పైనుంచి మనల్ని చూడాలిగా."

ఆమె తెరిచింది.

నాన్న చూశాడు. తెరిచిన కళ్ళతో ఏట్లో వదలకూడదు. ఆ బొమ్మని బావిలో వేసి, బావి మీద రాతిపలక మూయించాడు. పలక మీద అమ్మ తులసికోట పెట్టింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో బావి మాట ఎవరూ ఎత్తలేదు.

పెద్దయ్యాక కూడా బొమ్మలాయన ఆ విమానం కథ నమ్మాడా అంటే, నమ్మడం మానలేదు, అంతే. మానేస్తే అడగాలి. అడిగితే ఎవరో ఒకరు చెప్పాలి.

*

విమానం కొలతలు కావలసివచ్చిన రోజున బొమ్మలాయన వసారా మెట్టు నుంచి పాక గోడ దాకా తాడు లాగాడు.

"ఏం కొలుస్తున్నావురా?" అంది అక్క.

"రెక్కలక్కా. ఆ రోజు నీడ ఈ కొస ఈ మెట్టు మీద పడింది, ఆ కొస ఆ గోడ మీద. తలెత్తకముందు చూశాను, బాగా గుర్తు. మధ్య పదకొండు గజాలు. గజానికి అంగుళం చొప్పున పదకొండంగుళాలు."

"నీడని కొలిచి బొమ్మ చెయ్యకూడదు. నాన్న చెప్పేవాడు కాదూ? మనిషిని కొలువు, మానుని కొలువు, నీడని కొలవకు. ఇచ్చిన కొలత అది మళ్ళీ అడుగుతుందని."

"అడిగితే ఇద్దాం." తాడు చుట్ట చుట్టుకుంటూ నవ్వాడు. "కొలుద్దామంటే విమానం ఏదక్కా? మనకి మిగిలింది నీడే."

ముందు సీట్లో మనిషిని చెక్కాడు. ఆ మనిషికి కళ్ళద్దాలున్నాయి కనక కళ్ళు తెరవక్కర్లేదన్నాడు.

"కళ్ళు లేనివాడు దారెలా చూస్తాడురా?"

"దారి వాడికి తెలుసక్కా."

అక్క ఆ సాయంత్రం ఇంకో వత్తి ఎక్కువ వేసి దీపం పెట్టింది.

చింతగింజల జిగురులో రంపప్పొట్టు కలిపి రెక్కలు అతికిన రోజున, చూరులో పిచ్చుకలు లేచిపోయాయి. గూట్లో పిల్లలున్నా మళ్ళీ రాలేదు. సున్నం పూత ఆరి, పసుపు రంగు ఆరి, పూర్ణిమ నాటికి విమానం వాసానికెక్కింది. వెనక సీటు ఖాళీగా ఉంచాడు.

విదియ నాడు, పన్నెండుంబావుకి, గాలి లేదు. తులసాకు కదల్లేదు. విమానం ముక్కుకున్న చెక్క రెక్క మాత్రం తిరిగింది. వసారాలో నేల మీది రంపప్పొట్టు మధ్యకి చీలి రెండు పాయలయింది. వాకిట్లో పెద్ద నీడ పడింది. వీధి గుమ్మం దగ్గర పడి, అక్కడే కాసేపు ఉండి పోయింది.

తదియ నాడు ఇంకొంచెం లోపలికి వచ్చింది. వాకిలి మధ్యలో అక్క మరదలు చాప మీద గుమ్మడి వడియాలు ఎండబెట్టింది. వాటి మీద నిలిచి పోయింది.

"వదినా, ఒకసారి ఇలా రండి." మరదలు గొంతులో వేళాకోళం లేదు. "వీటిని ముట్టుకుని చూడండి."

రెక్క పడినంత మేరా వడియాలు తడిసి ఉన్నాయి. పక్కన ఎండ పడ్డవి గలగలమంటున్నాయి. అక్క ఒకటి తీసి వేళ్ళ మధ్య నొక్కింది. చల్లటి నీళ్ళు కారాయి.

"నాచు వాసనొస్తోంది," అంది మరదలు. "బావి నీళ్ళ వాసన. ఈ ఇంట్లో బావి ఎక్కడుంది వదినా? నేను కాపురానికొచ్చి నలభై రెండేళ్ళయింది. ఎప్పుడూ చూళ్ళేదే?"

అక్క తులసికోట వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది. "ఆ వడియాలు పారెయ్యి," అంది.

ఆ సాయంత్రం దీపం పెట్టాక, చెప్పేద్దామని అక్క తమ్ముడి పక్కన వచ్చి కూచుంది. చెప్పడానికి గుక్క తిప్పుకుంటుండగా ఆయనే మొదలుపెట్టాడు.

"రేపే ఆ తిథి. నువ్వు మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు."

"మర్చిపోలేదురా."

"ఆ రోజు నేను పైకి చూస్తూ ఉండిపోయాను. చిన్నోడు తాకాడు, వాడెక్కాడు. రేపు నేను తాకుతాను."

"ఉన్నవి రెండే సీట్లు."

"వాడు దిగుతాడు, నేనెక్కుతాను. అరవయ్యేళ్ళు కూచున్నాడక్కా. కాళ్ళు పట్టేసుంటాయి, పాపం." అన్నం మాట చెప్పినంత మామూలుగా అన్నాడు. ఆ ముఖంలో ఏడేళ్ళవాడు గంతేసినప్పటి వెలుగే ఉంది. ఆ వెలుగుని ఊదెయ్యడానికి అక్కకి నోరు రాలేదు. ప్రమిదలో వత్తి ఎగదోసి, లేచి వెళ్ళిపోయింది.

*

చవితి నాడు అక్క తలస్నానం చేసి, తడిచీర కొంగుతో తులసికి ప్రదక్షిణం చేద్దామని వచ్చేసరికి, తులసికోట అక్కడ లేదు. వసారా వారగా గోడకి ఆనించి ఉంది. మట్టి ఒలికి ఉంది. గడ్డపలుగు పక్కన పడి ఉంది. రాతిపలక సగానికి పైగా జరిగి, దాని పక్కన నల్లగా నోరు తెరుచుకుని ఉంది బావి.

"ఎవరు తీశారిది?"

"ఇంకెవరు? మీ ముద్దుల తమ్ముడు," అంది మరదలు. ఏడుస్తోంది, తిడుతోంది. "తెల్లారుతూనే గడ్డపలుగు పుచ్చుకున్నాడు. తులసమ్మండీ, ముట్టుకోకండీ అంటే వినడే! ఇదే బావి కదూ వదినా? ఇంత బావి పెట్టుకుని నాకు ఒక్కమాట చెప్పరా? నా పిల్లలు దీని చుట్టూ ఆడుకున్నారు!"

బొమ్మలాయన తుండుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "విమానం దిగేచోట అడ్డుండకూడదక్కా. ఆ రోజు నీడ ఇటే కదా వచ్చింది. ఇక్కణ్ణించే పైకి లేచుంటుంది."

"పలక మూసెయ్యరా. నీకు దణ్ణం పెడతాను."

"పన్నెండుంబావు దాటాక మూస్తాను." జేబులోంచి గుడ్డపేలిక తీసి విప్పాడు. అందులో బొటనవేలి కణుపంత బొమ్మ. అయిదేళ్ళ పిల్లాడు. ముందుకి పడే జుట్టు, ఎడంచెవి కొంచెం బయటికి. అరవయ్యేళ్ళ నాటి ముఖాన్ని ఆయన చెయ్యి ఒక్క గీత పొల్లుపోకుండా దాచుకుంది. కళ్ళున్నచోట నున్నగా తెల్లగా ఉంది.

"కళ్ళు తెరువు. పైనున్నవాడికి దిగే చోటు కనబడాలి."

మరదలు వదిన మొహంలోకి చూసింది. "మీకేదో తెలుసు," అంది మెల్లగా. "చెప్పండి వదినా. ఈయన్ని నేను ఆపలేను. మీరాపగలరు."

అక్క దేవుడి గదిలోకి వెళ్ళి దీపం తెచ్చి వసారాలో పెట్టింది. నల్లరంగు నూరింది. ఎప్పుడూ నూరేదానికన్నా చాలాసేపు నూరింది. రంగు మెత్తబడిపోయాక కూడా నూరింది. రాయి మీద రాయి తిరుగుతున్న ఆ చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. ఆ రోజు కూడా ఆమె రంగే నూరుతోంది.

పన్నెండుంబావయింది.

వాసానికి వేలాడే బొమ్మ ముక్కున చెక్క రెక్క తిరిగింది. దీపం మంట ఒక పక్కకి వాలింది. వీధి గుమ్మం దగ్గర నీడ పడింది. ఈసారి ఆగలేదు. మనిషి నడిచినంత నెమ్మదిగా వాకిట్లోకి వచ్చింది. అది పాకినచోటల్లా మట్టి తడిసి నల్లబడుతోంది.

బొమ్మలాయన వాకిట్లోకి దిగాడు. మోకాళ్ళ నొప్పులని నిన్నటిదాకా గోడ పట్టుకుని నడిచినవాడు, చిన్నపిల్లాడిలా దిగాడు. తలెత్తి ఆకాశంలోకి చూస్తూ, చెయ్యి చాచి, నీడ వెంట నడిచాడు. ఆకాశంలో ఏమీ లేదు. ఎండ ఉంది, అంతే. ఆయన మాత్రం దాన్ని చూసి నవ్వుతున్నాడు.

"ఏమండీ, కింద చూడండి! కింద చూడండీ!" మరదలు అరిచి చెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకున్నాడు. ఆ ముసలి చేతిలో అంత బలం ఎక్కడిదో.

"కళ్ళు తెరువక్కా! వచ్చేసింది!"

అక్క ఎడంచేతిలో బొమ్మ ఉంది, కుడిచేతిలో కుంచె ఉంది. రెండు చుక్కలు పెట్టడం ఎంతసేపు. అరవయ్యేళ్ళలో ఆమె ఎన్ని వేల కళ్ళు తెరిచిందో. రాముడివి తెరిచింది, రావణుడివి తెరిచింది, ఏనుగువి, ఏనుగు మీది మావటివాడివి తెరిచింది. చెయ్యి దానంతటది చుక్క మీదికే పోతోంది. పదకొండేళ్ళప్పుడూ ఇలాగే పోయింది. అప్పుడు వాడు ఏడవకూడదని తెరిచింది. ఆ కళ్ళు అప్పట్నుంచి ఏం చూస్తున్నాయో ఇంతవరకూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించింది. చీకటి. పైన రాయి.

"నారాయణా," అంది.

ఒక వంపు గీత గీసింది. రెండో వంపు గీత గీసింది.

"ఒరే," అంది. అరవలేదు. ఆమెకి అరవడం రాదు. "కళ్ళు మూశానురా."

బావికి అడుగు దూరంలో ఆయన కాలు ఆగింది. నీడ ముక్కు అప్పటికే బావిలోకి వంగింది.

"మూశావా?" తల దించలేదు. "మూయడమేంటి? పోయినవాళ్ళకి కదా మూసేది?"

"అవును."

"వాడు ఎక్కాడుగా. నువ్వే చూపించావు."

"ఎక్కలేదురా నాయనా." అక్క లేచి నిలబడింది. ఆ రోజు ఎత్తిన వేలు ఏదో ఆ వేలే ఎత్తింది. ఆకాశం వైపు ఎత్తి, అక్కణ్ణించి మెల్లగా దించింది. దించడానికి చాలాసేపు పట్టింది. వేలు బావి మీద ఆగింది. "అక్కడికి వెళ్ళాడు. నేను చూశాను. చెప్పలేకపోయాను."

బొమ్మలాయన తల దించాడు. కాలి వేళ్ళకి ఎదురుగా నల్లటి నీళ్ళు కనిపించాయి. మరదలు వెనకనుంచి ఆయన నడుం చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకుంది.

"తాకమన్నది నేను కదక్కా?"

"ఏడేళ్ళవాడివి అన్నావు. అయిదేళ్ళవాడు విన్నాడు. పదకొండేళ్ళది అబద్ధమాడింది. పెద్దవాళ్ళు బావి మూశారు. ఇందులో నీది ఎంతో నేను కొలవలేనురా. నువ్వూ కొలవకు."

"అరవయ్యేళ్ళు పైకే చూశాను," అన్నాడు. "కిందికి చూడరా అని ఒక్కరూ అనలేదే."

అప్పుడు, ఆ మూడు రోజుల్లో మొదటిసారి, మోత వినబడింది. నెత్తి మీద మొదలై తాడిచెట్ల మీదుగా దూరమయింది. మోత పోయాక దాని వెనకే ఇంకో చప్పుడు వచ్చింది, లోతు నీళ్ళలో ఏదో పడ్డ చప్పుడు. చిన్నది. అక్క చెవులు మూసుకోలేదు. ఆ రోజు వినలేనిది ఇన్నాళ్ళకి విన్నది.

తడిసిన బట్ట ఎండకి ఆరినట్టు, వాకిట్లో నీడ కొసల నుంచి తరిగిపోయింది. పాక గోడ వదిలింది. మెట్టు వదిలింది. వసారాలోకి వచ్చి, వేలాడుతున్న బొమ్మ కింద, దీపం వెలుగులో జానెడు నీడగా నిలిచింది. అక్క బొమ్మని వెనక సీట్లో పెట్టింది. కళ్ళు మూసుకున్న పిల్లాడు నిద్రపోతున్నట్టు ఒదిగి కూచున్నాడు.

*

మర్నాడు ఉదయం ఆ ఇంట్లోవాళ్ళు ముందుగా బావి తోడారు.

మరదలు పొరుగింటి నుంచి చేద, తాడు తెచ్చింది. ముగ్గురూ కలిసి పలక పూర్తిగా పక్కకి జరిపారు. మొదటి చేదలో కుళ్ళిన ఆకులొచ్చాయి. రెండోదాంట్లో నాచు. మూడో చేదలో, నీళ్ళ మీద తేలుతూ, బొటనవేలంత బొమ్మ వచ్చింది.

పొణికి మునగదు. అరవయ్యేళ్ళు అది ఆ పలక కింద తేలుతూనే ఉంది. రంగు ఎక్కడా మిగల్లేదు, కళ్ళ దగ్గర తప్ప. అక్క దాన్ని అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి చూసింది. తన చేత్తో తెరిచిన కళ్ళు. రెండు చుక్కలు ఉండాలి.

రెండు వంపు గీతలు ఉన్నాయి.

బొటనవేలితో ఒక గీతని తాకింది. వేలికి నల్లరంగు అంటింది, నిన్న నూరినట్టే మెత్తగా.

"ఎవరు మూశారు వదినా?" అంది మరదలు.

అక్క వేలు చీర చెంగుకి తుడుచుకుని, ఆ నీళ్ళే కాచి, స్నానం చేసి, పొయ్యి వెలిగించింది. ఆ రోజు బూరెలు వండింది. చిన్నోడికి బూరెలిష్టమని అప్పుడు చెప్పింది. ఏ తిథో కూడా చెప్పింది. మరదలు పంచాంగంలో ఆ రోజు పక్కన పసుపు బొట్టు పెట్టుకుంది. తులసికోటని వాకిలి మధ్యకి మార్చారు. బావికి ఒర కట్టమని మేస్త్రీకి కబురు చేశారు.

"ఏటికి ఎప్పుడెళ్దాం?" అన్నాడు బొమ్మలాయన.

"ఆరనీరా ముందు."

పొణికి తడిస్తే నీడలోనే ఆరబెట్టాలి. ఎండ తగిలితే పగులుతుంది. ఆ వీధిలో మాటలు రాని పిల్లలకి కూడా తెలిసిన సంగతే అది. బొమ్మలాయన ఆ బొమ్మని తీసుకెళ్ళి వాకిట్లో నిండెండలో పెట్టి, "అరవయ్యేళ్ళు చీకట్లోనే ఉన్నాడు," అంటూ పక్కనే గొంతుక్కూచున్నాడు.

నీడలో పెట్టమని అక్క అనలేదు.